పిల్లి అడుగదు

గోదావరి యొడ్డున నున్న నాందేడు జిల్లా 1956 నవంబరు 1వ తేదీవరకును హైదరాబాదు రాష్ట్రములోనిదై యుండినందున, ధర్మాబాదు, బిలోలి, దెగలూరు, కిన్వట ప్రాంతముల ఇండ్లలో మరాఠీతోపాటు తెలుగు నేటికిని వినబడుచున్నది. ఆ ఇండ్లకు కుక్కయు పిల్లియు క్రొత్తవి కావు. జొన్నచేని మంచె క్రింద కావలి కుక్కయు, గింజలు నిలువచేసిన గదిలో ఎలుకల కొరకు పొంచియుండు పిల్లియు, ఇంటివారు పెట్టిన ముద్దతో పాటు తమ తిండి తాము కొంత సంపాదించుకొనెడివి. నేడవి పట్టణపు రెండు గదుల ఇండ్లలోనికి వచ్చి, తిండికి, నీటికి, విసర్జనకు, కాలక్షేపమునకు సహితము యజమానిపైననే ఆధారపడి బ్రదుకుచున్నవి. కావుననే, పెంచదలచిన కుటుంబములో మొట్టమొదట పుట్టు ప్రశ్న, రెంటిలో దేనికి చాకిరి తక్కువ యని. వచ్చు సమాధానము పిల్లికని. ఆ సమాధానములో సగమే సత్యము కలదు.

కుక్కకు చేయవలసిన చాకిరి కంటికి కనబడునట్టిది. దానిని రెండు పూటలు బయట త్రిప్పవలెను. పిడుదులు పట్టకుండ చెవుల లోపల, వ్రేళ్ల సందుల వెదకుచుండవలెను. రోజంతయు గొలుసుతో కట్టివేసినచో అది మొరుగుటయు, చెప్పులు కొరుకుటయు దాని దోషము కాదు. దేహమున చెమట అంతగా పట్టక, ముఖ్యముగా నాలుక చాచి రొప్పుటచేత తాపము తగ్గించుకొను ఈ ప్రాణిని, ఎండ 42 డిగ్రీలు దాటు మన వేసవిలో, సూర్యోదయమునకు ముందే త్రిప్పి తీసికొనిరావలెను. చేతి వెనుకవైపును రోడ్డుకు ఆనించి కొన్ని క్షణములు ఓర్చుకొనలేకపోయినచో ఆ దారి దాని పాదములకును పనికిరాదు. మంచుసీమల బొచ్చు కుక్కలను ఇచటికి తెచ్చి బాధించుటకంటె, ఈ దక్కను ఎండకు అలవడిన కారవాన్ జాతినో, వీధిలో పుట్టిన పిల్లనో పెంచుట మేలని నా నిశ్చితాభిప్రాయము. కుక్కకు ఆకలి వేసినను, జబ్బు చేసినను, మన కాళ్లచుట్టు తిరిగి తెలుపును.

పిల్లి అట్లు తెలుపదు. రోజులో పండ్రెండు మొదలు పదునారు గంటలు నిద్రించుచు, తన దేహమును తానే నాకి శుభ్రపరచుకొనుచు, ఇసుక తొట్టి తప్ప వేరేమియు కోరనట్లు కనబడును. కాని బాధను దాచుట దాని స్వభావము. ఎడారి ప్రాంతపు అడవిపిల్లి సంతతి యగుటచే అది నీరు తక్కువగా త్రాగును. అందుచేత మగపిల్లులలో మూత్రనాళము మూసికొనిపోవుట కలదు. తొట్టిలోనికి మాటిమాటికి పోయి, వీపు వంచి, ముక్కి, ఒక చుక్కయు రాక లేచిపోవు పిల్లిని చూచి మలబద్ధకమని ఊరకుండువారు పెక్కురు. రెండు మూడు దినములలో ప్రాణము పోవును. ఆనాడే వైద్యునియొద్దకు కొనిపోవలెను.

ఆహారమునందు భేదము మరింత గొప్పది. అన్నము, రొట్టె జీర్ణించుకొనగల కుక్క, వైద్యుని సలహాతో శాకాహారుల ఇంటనైనను బ్రదుకగలదు. పిల్లి యట్లు కాదు. ముఖ్యముగా మాంసమునందు దొరకు టారిన్ అను పదార్థము లోపించినచో దానికి చూపు పోవును, గుండె చెడును. కావున, మాంసము గుమ్మము దాటనీయని ఇంటివారు పాలు పెరుగన్నములతో పిల్లిని సాకవచ్చునని తలచుట దానికి అపకారము చేయుటయే. పెరిగిన పిల్లులలో చాలవాటికి ఆ పాలును పడవు. మందుల విషయమును అట్లే; మన జ్వరమునకు వాడు పారాసిటమాల్ మాత్ర ఒక్కటియు, కుక్క పిడుదులకు పూయు పెర్మెత్రిన్ మందును పిల్లిని చంపగలవు.

టీకాల విషయమున మాత్రము రెంటికిని మినహాయింపు లేదు. రేబిస్ టీకా కుక్కకువలెనే పిల్లికిని మూడు నెలలు నిండగనే వేయించి, ఆపై వైద్యుడు చెప్పిన గడువులలో మరల వేయించవలెను. ఏది కరచినను, గీరినను, గాయమును సబ్బునీటితో పదునైదు నిమిషములు కడిగి, పసుపో సున్నమో అద్దక ఆసుపత్రికి పోవలెను. లక్షణములు పొడచూపిన పిదప రేబిస్‌కు మందు లేదు.

ఇక వేసవి సెలవులలో ఊరికి పోవునపుడు కుక్కను వెంట తీసికొనిపోవుటయో, నమ్మకమైనవారికి అప్పగించుటయో తప్పదు. పిల్లిని ఒక దినము విడిచిపోవచ్చును. అంతకు మించినచో, ప్రక్కింటివారికి తాళపుచెవి నిచ్చునపుడు, గిన్నెలో ఎంత తిన్నదో చూచుటయే గాక ఇసుకలో తడి ముద్దలున్నవో లేవో కూడ ప్రతిదినము చూడుడని చెప్పి ఇయ్యవలెను.