వరంగల్ చెరువుల వార్తలు – సామాన్య పౌరుని మాట: ఒక పరిశీలన

వ్యాససంగ్రహం: 2020, 2023 సంవత్సరాల వరదల నేపథ్యంలో వరంగల్ చెరువులను గురించిన వార్తాభాషను, అదే విషయాన్ని సామాన్య పౌరుడు చెప్పే తీరును ఈ వ్యాసం పక్కపక్కన ఉంచి పరిశీలిస్తుంది. వార్తలో పౌరునికి బాధ చెప్పుకొనే చోటు ఉన్నది గాని కారణం చెప్పే చోటు లేదన్నది ఇందులోని ప్రతిపాదన. పర్యావరణ చట్టం కల్పించిన ప్రజాభిప్రాయ వేదిక ఈ లోటును ఎంతవరకు పూడ్చగలదో కూడా చర్చకు వస్తుంది.

కీలకపదాలు: గొలుసుకట్టు చెరువులు, శిఖం, మత్తడి, ముంపు, జిల్లా పేజీ, ప్రజాభిప్రాయ సేకరణ.

1. నేపథ్యం

వరంగల్ చరిత్రను చెరువుల నుంచి విడదీసి చెప్పడం సాధ్యం కాదు. పాకాల, రామప్ప, లక్నవరం కాకతీయుల కాలపు నిర్మాణాలు. నగరం నడుమ భద్రకాళి చెరువు, హన్మకొండ వైపు వడ్డేపల్లి చెరువు నేటికీ కనిపిస్తాయి. ఈ ప్రాంతపు చెరువుల ప్రత్యేకత గొలుసుకట్టు. పై చెరువు నిండి మత్తడి దూకితే ఆ నీరు కాలువ వెంట కింది చెరువుకు చేరుతుంది. కాబట్టి ఈ ఏర్పాటులో చెరువుకు ఎంత విలువో, రెండు చెరువులను కలిపే కాలువకూ అంతే విలువ. నగరం పెరిగాక ఆ కాలువకు 'నాలా' అన్న పేరు స్థిరపడింది. పేరుతో పాటు పనీ మారి, వాననీటి దారి మురుగునీటి దారిగా చలామణి అయింది. మురుగుకాలువ ఇరుకైతే ఎవరికీ పెద్దగా పట్టదు. చెరువుల మధ్య దారి ఇరుకైతే ఊరు మునుగుతుంది.

2020 ఆగస్టు నడుమ కురిసిన వానలకు జరిగినది అదే. 2023 జూలై చివర మళ్ళీ జరిగింది. ఆ జూలై 27 ఉదయానికి ముగిసిన 24 గంటల్లో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్ల వర్షం నమోదైంది. మోరంచవాగు పొంగి భూపాలపల్లి జిల్లాలోని మోరంచపల్లిని ముంచింది. ఇళ్ల కప్పులెక్కిన వారిని కాపాడడానికి హెలికాప్టర్లు రావలసి వచ్చింది. జంపన్నవాగు కొండాయి గ్రామాన్ని ముంచి ప్రాణాలు తీసింది. ఇటు నగరంలో భద్రకాళి చెరువు కట్టకు పోతన నగర్ వైపు గండి పడింది. సరస్సులో చిక్కుకున్న గజేంద్రుని కథను తెలుగువారికి చెప్పిన కవి పేరిట వెలసిన కాలనీ అది.

2. శీర్షికల వ్యాకరణం

ముంపు వార్తల శీర్షికలలో కొన్ని పదబంధాలు ఏ పత్రికలోనైనా, ఏ ఛానల్‌లోనైనా తప్పక ఎదురవుతాయి. 'జలదిగ్బంధంలో కాలనీలు', 'ముంచెత్తిన వాన', 'వరుణుడి ప్రతాపం', 'చెరువులను తలపిస్తున్న రోడ్లు' అటువంటివి. వీటిలో కర్త అయితే వాన, లేకపోతే దేవుడు. మనిషి చేసిన పని ఏదీ ఈ వాక్యాల్లో లేదు.

చివరి పదబంధం అలంకారశాస్త్రం తెలిసినవారికి ఆసక్తి కలిగించేది. రోడ్డు ఉపమేయం, చెరువు ఉపమానం. అయితే ఆ రోడ్డు వేసిన నేల ఒకప్పటి చెరువు శిఖమే అయినప్పుడు ఉపమేయ ఉపమానాలు వేరు వేరు వస్తువులు కావు. ఉపమేయమే ఉపమానమైతే దానిని అనన్వయాలంకారం అంటారు. పత్రిక ఉపమ అనుకొని రాసినది నిజానికి అనన్వయం: చెరువు చెరువులాగే ఉన్నది. ఈ మాట పాతకాపులకు కొత్త కాదు. ఊరి పెద్దలు నీళ్లు నిలిచిన చోటును చూపి అక్కడ ఏ కుంట ఉండేదో పేరుతో సహా చెప్పగలరు. వార్తలో ఆ పేరు రాదు.

ఆక్రమణల వార్తలకు వచ్చేసరికి మరొక వాక్యనిర్మాణం కనిపిస్తుంది. 'నాలాలు ఆక్రమణకు గురయ్యాయి', 'చెరువు కబ్జాకు గురైంది'. కర్మణి ప్రయోగం తెలుగు వ్యవహారంలో అరుదని వ్యాకర్తలు చెబుతారు. దానికి మారుగా పత్రికాభాష 'గురి అవు' అనే క్రియను కల్పించుకొని కర్తను సులభంగా తప్పించగలిగింది. కర్తను చెప్పక తప్పనప్పుడు 'భూబకాసురులు' వస్తారు. అంటే నాలాను పూడ్చినవాడు వాక్యంలో ఉండనే ఉండడు, ఉంటే రాక్షసుడై ఉంటాడు. అనుమతి సంతకం చేసినవారు, లేఅవుట్ గీసినవారు, ప్లాటు అమ్మినవారు, కొన్నవారు – ఈ మామూలు మనుషుల వరుస ఆ రెండు రూపాల్లోనూ ఇమడదు.

ఇదే సంగతిని వరంగల్ మాటతీరులో చెప్పేవారు 'మత్తడికి అడ్డం ఇండ్లు కట్టిండ్రు' అంటారు. ఇక్కడా కర్తృపదం లేదు. కాని 'కట్టిండ్రు' అన్న క్రియలోని బహువచన ప్రత్యయం, ఎవరో కొందరు ఆ పని చేశారని చెప్పి తీరుతుంది. వ్యవహారభాషలో నిలిచిన కర్త వార్తాభాషలో జారిపోతున్నాడు. బడిలో నేర్చిన భాషకూ జనం నోటి భాషకూ నడుమ ఉన్న అంతరాన్ని జీవితమంతా ఎత్తిచూపిన కాళోజీ నారాయణరావు ఈ నగరంలోనే జీవించారు. ఆయన కవితా సంపుటాల పేరు 'నా గొడవ' కావడం ఈ సందర్భంలో గుర్తుకు వస్తుంది. ఒక మనిషి ఫిర్యాదు ఊరందరి ఫిర్యాదు కాగలదన్న నమ్మకం ఆ పేరులో ఉంది.

3. శిఖం నుంచి ఎఫ్‌టీఎల్‌కు

పదజాలంలో వచ్చిన మార్పు వ్యాకరణం కంటె ఎక్కువ నష్టం చేసిందనిపిస్తుంది. చెరువు నిండినప్పుడు నీరు పరుచుకొనే నేలను శిఖం అంటారు. ఎండాకాలం ఎండి, పశువులు మేసినా, అది చెరువే. రెవెన్యూ రికార్డులకూ రైతుకూ కూడా తెలిసిన మాట ఇది. నేటి వార్తల్లో దీని స్థానాన్ని 'ఎఫ్‌టీఎల్' ఆక్రమించింది. పూర్తి నీటిమట్టానికి నీరు ఎంతవరకు పరుచుకొంటుందో ఆ గీత అది. దాని వెలుపల మరికొంత దూరం బఫర్ జోన్. 2012 నాటి భవన నిర్మాణ నిబంధనలు, 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువులకు 30 మీటర్లు, చిన్నవాటికి 9 మీటర్లు విడిచిపెట్టాలని చెబుతాయి.

కొలత అవసరమే. అయితే ఎఫ్‌టీఎల్‌ను నిర్ణయించేది మత్తడి ఎత్తు. మత్తడిని కొంత తెగ్గొడితే నీటిమట్టం దిగుతుంది, పరుచుకొనే నేల తగ్గుతుంది, కొత్తగా 'ఖాళీ' స్థలం బయటపడుతుంది. గీత ఎలా జరిగిందో తెలియాలంటే మత్తడి సంగతి తెలియాలి. మత్తడి తెలిసినవాడు ఎఫ్‌టీఎల్ అన్న మాట దగ్గర ఆగిపోతాడు. ఎఫ్‌టీఎల్ అని రాసే విలేకరికి మత్తడి అన్నది చాలాసార్లు నీళ్లు దూకే దృశ్యం మాత్రమే. వాదం ఈ విధంగా ఇంజనీర్ల చేతికి పోతుంది. పౌరునికి అభిప్రాయం లేక కాదు, ఆ అభిప్రాయాన్ని చెప్పే మాటకు అధికారిక విలువ పోయినందువల్ల.

4. బాధితుడే ఆక్రమణదారు

2020 వరదల తరువాత నాలాలపై కట్టడాలను తొలగించాలని ప్రభుత్వం ఆదేశించింది. కొద్ది రోజుల కిందట 'ముంపు బాధితులు'గా పత్రికల్లో కనిపించిన వర్గంలోనే కొందరు ఇప్పుడు 'ఆక్రమణదారులు' అయ్యారు. మనిషి అతడే, ఇల్లు అదే, మారినది శీర్షిక మాత్రమే. రిజిస్టరైన దస్తావేజు, ఇంటినంబరు, కరెంటు మీటరు, కట్టిన ఆస్తిపన్ను రసీదు ఉన్న ఇంటిని ఏ మాటతో పిలవాలన్నది ఇక్కడి అసలు ప్రశ్న. ఆ రసీదులన్నీ ప్రభుత్వమే ఇచ్చింది. చెరువు చెరువుగా ఉండాలన్నదీ ప్రభుత్వమే.

సామాన్య పౌరుని అభిప్రాయాన్ని అతిగా ఆదర్శీకరించడం కూడా ఇందువల్ల సరికాదు. చెరువుల రక్షణ కోరుతూ సంపాదకునికి లేఖ రాసే మధ్యతరగతి పాఠకుడు, బఫర్ జోన్‌లో ప్లాటు కొన్నవాడు కావచ్చు. కింది కాలనీవాసి నాలా వెడల్పు చేయాలంటాడు. నాలా పక్కన ఇల్లున్నవాడు మరొక దారి చూడాలంటాడు. 2024 నవంబరులో పూడికతీత కోసం భద్రకాళి చెరువును ఖాళీ చేసినప్పుడు కూడా అందరి ప్రయోజనం ఒక్కటి కాదు. లోతు పెరిగితే ముంపు తగ్గుతుందని కాలనీవాసి ఆశిస్తాడు. నీరు పోతే చేప పోతుందని మత్స్యకారుడు చూస్తాడు. గుడికి వచ్చేవారికి ఆ నీరు అమ్మవారి చెరువు. ఈ అభిప్రాయాలు పరస్పరం ఢీకొంటాయి. రాజకీయం అంటే ఈ ఢీకొనడమే. దీనిని వార్త మూడు వాక్యాల 'స్థానికుల ఆవేదన'గా కుదించినప్పుడు రాజకీయం మాయమై సానుభూతి ఒక్కటే మిగులుతుంది.

లేఖల శీర్షికల్లోనూ ఈ కుదింపు ఉంది. చెప్పవలసినదంతా చెప్పాక 'సంబంధిత అధికారులు స్పందించి తగిన చర్యలు తీసుకోవాలి' అన్న వాక్యంతో ముగియడం తెలుగు లేఖలకు దాదాపు నియమం. ఏ అధికారి, ఏ చర్య, ఎప్పటిలోగా అన్నవి ఆ వాక్యంలో ఇమడవు. లేఖకుని లోపంగా దీనిని చూడనవసరం లేదు. కొన్ని పంక్తుల చోటులో, పేరు పెట్టి ప్రశ్నిస్తే అచ్చు కాదేమోనన్న సందేహంతో, నలిగి నలిగి స్థిరపడిన మర్యాద అది.

5. జిల్లా పేజీ సరిహద్దు

1972లో ఆంథోనీ డౌన్స్ పర్యావరణ సమస్యలపై ప్రజల ఆసక్తి ఎట్లా పెరిగి తరుగుతుందో ఐదు దశలుగా వివరించాడు. సమస్య ఉన్నా ఎవరూ పట్టించుకోని దశ, ఉలికిపాటు, పరిష్కారానికయ్యే ఖర్చు తెలిసిరావడం, ఆసక్తి సన్నగిల్లడం, చివరికి మరుపు. వరంగల్ వార్తల నడకకు ఇది బాగానే సరిపోతుంది. కాని డౌన్స్ చెప్పినది ప్రజల ఆసక్తి గురించి. ఇక్కడ సన్నగిల్లినది పేజీల ఆసక్తి. గోడమీద నీటిగీత మిగిలిన ఇంటివారికి నాలుగో దశ రాదు.

దీనికి తెలుగు పత్రికల నిర్మాణంలోనే ఒక కారణం ఉంది. 1980ల చివర మొదలైన జిల్లా అనుబంధాలు ఊరి వార్తకు మొదటిసారి అచ్చులో చోటు ఇచ్చాయి. ఆ మేలు చిన్నది కాదు. అయితే వరంగల్ పేజీలో వచ్చినది వరంగల్‌లోనే ఆగింది. 2016 అక్టోబరులో ఉమ్మడి జిల్లా ఐదు జిల్లాలైంది. 2019లో ములుగు కూడా వేరుపడింది. జిల్లాలతో పాటు వార్తల హద్దులూ చిన్నవైతే, ఒక వాగు ఎగువ భాగం ఒక పేజీలో, దిగువ భాగం మరో పేజీలో పడుతుంది. నీటికి మాత్రం ఆ హద్దులు తెలియవు. మొత్తం వాగును ఒక్కచోట చదవగల పాఠకుడు లేకుండా పోయాడు. 2024లో హైదరాబాదులో హైడ్రా కూల్చివేతలు వారాల తరబడి మొదటి పేజీల్లో నిలవడం, ఆ సంస్థ పరిధి అవుటర్ రింగ్ రోడ్డుతో ఆగిపోవడం పక్కపక్కన పెట్టి చూస్తే, ఏ చెరువు రాష్ట్ర వార్త, ఏ చెరువు జిల్లా వార్త అన్నది బోధపడుతుంది.

6. చట్టం అడిగే అభిప్రాయం

మీడియాలో దొరకని చోటు చట్టంలో దొరుకుతుందా? 1994 జనవరి 27న వెలువడిన పర్యావరణ ప్రభావ మదింపు ప్రకటనకు, 1997లో చేసిన సవరణతో బహిరంగ విచారణ తప్పనిసరి అయింది. 2006 సెప్టెంబరు 14 నాటి ప్రకటన దానిని విస్తరించింది. 30 రోజుల గడువుతో ప్రాంతీయభాషా దినపత్రికలో కూడా ప్రకటన ఇవ్వాలి. నివేదిక సంగ్రహం స్థానిక భాషలో ఉండాలి. కాగితం మీద ఇది పౌరునికి దక్కిన గట్టి హక్కు. అయితే అదే ప్రకటన భవన నిర్మాణాలు, టౌన్‌షిప్‌లను ప్రజాసంప్రదింపు నుంచి మినహాయించింది. గనికి, కర్మాగారానికి ఊరి అభిప్రాయం అడుగుతారు. వరంగల్‌ను ముంచినవి గనులు కావు, లేఅవుట్లు, కాలనీలు. వాటి గురించి ఈ చట్టం ఎవరినీ అడగదు.

2020లో ఈ ప్రకటనను మార్చే ముసాయిదా వచ్చింది. 30 రోజుల గడువును 20 రోజులకు కుదించాలన్నది అందులోని ప్రతిపాదనల్లో ఒకటి. ముసాయిదా ఇంగ్లీషు, హిందీల్లోనే వెలువడినందున ఎనిమిదవ షెడ్యూలులోని 22 భాషల్లోకి అనువదించాలని ఢిల్లీ హైకోర్టు జూన్ 30న ఆదేశించింది, అభిప్రాయాల గడువును ఆగస్టు 11 వరకు పొడిగించింది. కేంద్రం సుప్రీంకోర్టుకు వెళ్లగా అక్కడ జోక్యానికి నిరాకరణ ఎదురైంది. దేశ పర్యావరణ చట్టంపై తెలుగులో అభిప్రాయం చెప్పే వీలు కోసం న్యాయస్థానం ఆదేశించవలసి వచ్చిందన్నమాట. గడువు తీరిన కొద్ది రోజులకే హన్మకొండ కాలనీల్లో పడవలు తిరిగాయి.

తెలుగు శాఖల పరిశోధకులకు ఇక్కడ ఇంతవరకు ఎవరూ పెద్దగా తాకని సామగ్రి ఒకటి ఉంది. 2006 ప్రకటన ప్రకారం బహిరంగ విచారణను వీడియో తీయాలి. విచారణ సారాంశాన్ని సభ ముగింపులో స్థానిక భాషలో చదివి వినిపించాలి. ప్రజలు లేవనెత్తిన అంశాలను స్థానిక భాషలోనూ ఇంగ్లీషులోనూ రాయాలి. సింగరేణి గనులున్న భూపాలపల్లి వంటి ప్రాంతాల్లో రైతు, కూలీ మైకు ముందు నిలబడి చెప్పిన మాట ఒక రూపంలో, దాని అధికారిక తెలుగు మరో రూపంలో, ఇంగ్లీషు మూడో రూపంలో దొరుకుతాయి. 'కట్టిండ్రు' అన్న క్రియ ఆ మూడింటిలో ఏ అంచెలో 'గురైంది'గా మారుతుందో వాక్యం వాక్యంగా పోల్చి చూడవచ్చు.