చర్చి కదిలింది... ఊరు చెదిరింది!

ఇల్లు మారడమంటేనే ఓ పెద్ద తలనొప్పి. మంచాలూ బీరువాలూ లారీకెక్కించేసరికే నడుం పడిపోతుంది. అలాంటిది ఏడొందల ఏళ్లు దాటిన ఓ చర్చిని, ఒక్క రాయి కూడా విప్పకుండా గోడలూ పైకప్పూ శిఖరంతో సహా బండెక్కించి పన్నెండు కిలోమీటర్లు తీసుకెళితే? 2007 అక్టోబరులో జర్మనీలో అచ్చంగా అదే జరిగింది. దారి పొడవునా వేలమంది నిలబడి చూశారు. టీవీ కెమెరాలు వెంట నడిచాయి. ఆ సందడిలో చాలామందికి గుర్తురాని సంగతి ఒకటుంది... చర్చి వెళ్లిపోయింది సరే, మరి దాని చుట్టూ ఉన్న ఊరేమైనట్టు?

ఆ ఊరి పేరు హోయర్స్‌డోర్ఫ్. తూర్పు జర్మనీలోని సాక్సనీ రాష్ట్రంలో, లైప్‌జిగ్ నగరానికి దక్షిణాన ఉండేది. జర్మన్ భాషలో ‘డోర్ఫ్’ అంటే పల్లె. పేరుకు తగ్గట్టే చిన్న పల్లెటూరు. పాతకాలపు రైతుల ఇళ్లు, పెద్ద పెద్ద కొట్టాలు, చెట్లు. 1990ల మొదట్లో అక్కడున్న జనాభా మూడొందల పైచిలుకు. ఊళ్లో అన్నిటికన్నా పాత కట్టడం ఎమ్మాస్ చర్చి. 1297 నాటి పత్రాల్లోనే దాని ప్రస్తావన ఉంది. అంటే మనకు ఓరుగల్లును ప్రతాపరుద్రుడు ఏలుతున్న కాలమన్నమాట! అలాగని అదేమీ కళ్లు చెదిరే కట్టడం కాదు. పద్నాలుగున్నర మీటర్ల పొడవు, తొమ్మిది మీటర్లకు కాస్త తక్కువ వెడల్పు, శిఖరం దాకా చూస్తే ఇరవై మీటర్ల లోపు ఎత్తు. మందపాటి రాతిగోడలు, చిన్న కిటికీలు, ఏటవాలు కప్పు. అంతే.

హోయర్స్‌డోర్ఫ్ చేసుకున్న పాపమల్లా బొగ్గు మీద పుట్టడమే. ఆ నేల కింద ఐదు కోట్ల టన్నులకు పైగా లిగ్నైట్ ఉందని లెక్క. లిగ్నైట్ అంటే మన సింగరేణి బొగ్గులాంటిది కాదు. తడిగా, మట్టిరంగులో ఉంటుంది. మండితే వచ్చే వేడి తక్కువ. దూరం మోసుకెళితే గిట్టుబాటు కాదు. కాబట్టి తవ్విన చోటుకి దగ్గర్లోనే కాల్చేస్తారు. దాన్ని తీయడానికి సొరంగాలు పనికిరావు. పైనున్న నేలనంతా ఒలిచి పారేయాలి. నేలంటే పొలాలూ, రోడ్లూ, ఇళ్లూ, సమాధులూ... అన్నీ!

తూర్పు జర్మనీ కమ్యూనిస్టుల ఏలుబడిలో ఉన్నప్పుడు దేశానికి కరెంటూ వేడీ అన్నీ లిగ్నైటే. 1980ల్లో ఏటా ముప్ఫై కోట్ల టన్నుల దాకా తవ్వి ప్రపంచంలోనే మొదటి స్థానంలో నిలిచింది. లైప్‌జిగ్ చుట్టుపక్కల పదుల కొద్దీ ఊళ్లు ఆ గోతుల్లో కలిసిపోయాయి. ‘మా ఊరు తవ్వొద్దు’ అని నిలదీసే అవకాశమే జనానికి లేదు. 1989లో బెర్లిన్ గోడ కూలింది. మరుసటేడే రెండు జర్మనీలూ ఒకటయ్యాయి. ఇక మన ఊరికి గండం గడిచినట్టేనని హోయర్స్‌డోర్ఫ్ వాసులు ఊపిరి పీల్చుకున్నారు.

గడవలేదు. ప్రభుత్వ గనులు ప్రైవేటుపరమయ్యాయి. 1994లో ‘మిబ్రాగ్’ అనే బొగ్గు కంపెనీ అమెరికా, బ్రిటన్ సంస్థల చేతికొచ్చింది. దగ్గర్లోనే లిపెన్‌డోర్ఫ్ దగ్గర కొత్త విద్యుత్ కేంద్రం తలపెట్టారు. ఒక్కోటి 900 మెగావాట్లు దాటిన రెండు భారీ యూనిట్లు. 2000 నుంచి పనిచేస్తున్నాయి. వాటికి ఏటా దాదాపు కోటి టన్నుల బొగ్గు కావాలి. ఈ లెక్కన హోయర్స్‌డోర్ఫ్ కింద ఉన్నదంతా తవ్వి పోసినా ఐదేళ్ల మేత! ఏడు శతాబ్దాల ఊరు ఒకవైపు, ఐదేళ్ల బొగ్గు మరోవైపు. తక్కెడ ఎటు మొగ్గిందో చెప్పక్కర్లేదు.

అయితే ఊరు ఊరికే ఒప్పుకోలేదు. సాక్సనీ రాజ్యాంగం ప్రకారం ఓ గ్రామ పాలక మండలిని దాని ఇష్టం లేకుండా రద్దు చేయాలంటే ప్రత్యేకంగా చట్టం చేయాల్సిందే. దాంతో 1998లో రాష్ట్ర శాసనసభ ‘హోయర్స్‌డోర్ఫ్ చట్టం’ చేసింది. ఒక్క పల్లెను తుడిచేయడానికి దాని పేరుతోనే ఓ చట్టం! గ్రామస్థులు రాష్ట్ర రాజ్యాంగ న్యాయస్థానానికి వెళ్లారు. 2000లో కోర్టు ఆ చట్టాన్ని కొట్టేసింది. ఊళ్లో పండగ. కానీ ప్రభుత్వం వదల్లేదు. కోర్టు ఎత్తిచూపిన లొసుగులు సరిచేసుకుని 2004లో మరో చట్టం తెచ్చింది. గ్రామాన్ని పక్కనున్న రేగిస్-బ్రైటింగెన్ పట్టణంలో కలిపేసింది. ఈసారీ కోర్టుకెళ్లారు. 2005 నవంబరులో తీర్పు వాళ్లకు వ్యతిరేకంగా వచ్చింది. అక్కడితో ఊరి పోరాటం ముగిసింది. కొందరు అప్పటికే పరిహారం తీసుకుని వెళ్లిపోయారు. ఒక్కో ఇంటికీ తాళం పడుతూ వచ్చింది.

మిగిలింది చర్చి. విప్పి మళ్లీ కడదామంటే కుదిరే పని కాదు. చెక్కిన రాళ్ల కట్టడమైతే అంకెలు వేసుకుని విప్పి, తిరిగి పేర్చుకోవచ్చు. ఇదేమో దొరికిన రాయీరప్పా సున్నంలో పెట్టి కట్టిన గోడ. విప్పితే రాళ్లకుప్పే మిగులుతుంది. అందుకే మొత్తంగా ఎత్తుకెళ్లాలనుకున్నారు. ఖర్చు దాదాపు 30 లక్షల యూరోలు. అప్పటి లెక్కలో సుమారు 17 కోట్ల రూపాయలు. గని కంపెనీయే భరించింది.

ముందుగా గోడల్లోని పగుళ్లలోకి మోర్టారు ఎక్కించారు. చుట్టూ ఉక్కుపట్టీలు బిగించారు, విరిగిన చేతికి కట్టు కట్టినట్టుగా. అడుగున గట్టి ఆధారం అమర్చి, పునాదుల నుంచి వేరుచేసి, జాకీలతో పైకి లేపారు. అప్పుడు దాని కిందికి వచ్చింది అసలు వాహనం. వరసలు వరసలుగా చక్రాలున్న చదునైన బండి అది. రోడ్డు ఓ పక్కకు వాలితే ఆ పక్క చక్రాలు హైడ్రాలిక్ ఒత్తిడితో కిందికి దిగుతాయి. పైనున్న సరుకు మాత్రం నిటారుగానే ఉంటుంది. ఆ సరుకు బరువెంతనుకున్నారు? దాదాపు 660 టన్నులు. ఎదిగిన ఏనుగులు నూట ముప్ఫైని ఒకచోట నిలబెట్టినంత!

దారిలో కరెంటు తీగలూ, చెట్ల కొమ్మలూ అడ్డు తొలగించారు. ప్లైసె, వీరా నదులు దాటాలి. రైలు పట్టాలు దాటాలి. మలుపు వచ్చిందంటే అందరి గుండెల్లోనూ రాయి పడేది. మనిషి నడకకన్నా నెమ్మదిగా, వారం రోజులకు పైగా సాగింది ప్రయాణం. అక్టోబరు 31కల్లా చర్చి బోర్నా పట్టణంలోని మార్టిన్ లూథర్ కూడలికి చేరుకుంది. 1517లో లూథర్ తన సిద్ధాంతాలను ప్రకటించిన రోజుగా ప్రొటెస్టెంట్లు పండగ చేసుకునేది ఆ తేదీనే. ఇంకో చిత్రమేమిటంటే, బైబిల్లో ఎమ్మాస్ అనేది ఇద్దరు శిష్యులు దిగులుగా నడిచి వెళ్లిన ఊరు. ఆ పేరు పెట్టుకున్న చర్చికీ రోడ్డెక్కక తప్పలేదు. 2008 ఈస్టర్‌కు దాని తలుపులు మళ్లీ తెరుచుకున్నాయి. ఇప్పుడది బోర్నాలోని సెయింట్ మేరీ చర్చి పక్కనే, పెద్దక్క పక్కన నిలబడ్డ చెల్లెల్లా కనిపిస్తుంది.

హోయర్స్‌డోర్ఫ్‌లో తాబోర్ అనే మరో చర్చి కూడా ఉండేది. దానికి బండి రాలేదు. ఊరితో పాటే దాన్నీ కూల్చేశారు. ఆ తర్వాత ఊరున్న చోట యంత్రాలు దిగాయి. మనుషులు చుట్టుపక్కల ఊళ్లలో చెల్లాచెదురయ్యారు. చర్చిని తరలించినందుకు కంపెనీకి మంచిపేరే వచ్చింది. కానీ వీధీ, పొరుగూ లేని చర్చి... ఫొటో మిగిలి మనిషి లేనట్టే.

ఆ ప్రాంతంలో పాత గోతులు చాలావరకు నీటితో నిండి సరస్సులయ్యాయి. జనం ఈతలకీ పడవ షికార్లకీ వస్తారు. ష్టోర్మ్‌థాల్ సరస్సు మీద ఓ తేలే కట్టడం ఉంది. గనిలో కలిసిపోయిన మాగ్దెబోర్న్ ఊరి చర్చికి గుర్తుగా కట్టింది.

హోయర్స్‌డోర్ఫ్‌ను మింగిన గనికి ఆనుకునే పోడెల్‌విట్స్ అనే మరో పల్లె ఉంది. దాన్నీ తవ్వేస్తారనే అనుకున్నారంతా. చాలామంది ఇళ్లు కంపెనీకి అమ్మేసి వెళ్లిపోయారు. కొద్దిమంది మాత్రం కదల్లేదు. ఈలోగా కాలం మారింది. బొగ్గు కాల్చడం 2038కల్లా మానేయాలని 2020లో జర్మనీ చట్టం చేసింది. దాని ప్రకారం లిపెన్‌డోర్ఫ్ కేంద్రానికి గడువు 2035. ఇక ఆ ఊరి కింది బొగ్గు అవసరం లేదని 2021లో కంపెనీ ప్రకటించింది. ఖాళీ ఇళ్లలోకి మళ్లీ మనుషుల్ని ఎలా రప్పించాలన్నదే ఇప్పుడు పోడెల్‌విట్స్ వాళ్ల చర్చ. అక్కడా ఓ పాత చర్చి ఉంది. కట్టిన చోటే ఉంది.