మీకు తెలుసా? కూనిరాగం తీస్తే పని భారం దిగుతుంది

● నోరు మూసుకుని 'మ్‌...' అంటూ కూనిరాగం తీస్తే, ఊరికే ఊపిరి వదిలినప్పటికంటే సుమారు 15 రెట్లు ఎక్కువ నైట్రిక్ ఆక్సైడ్ ముక్కులోంచి వస్తుందని 2002లో స్వీడన్ పరిశోధకులు లెక్కగట్టారు. రక్తనాళాలను వదులు చేసే వాయువది. మనసు కుదుటపడటానికి మాత్రం ముఖ్యంగా చూడాల్సింది ఊపిరినే. రాగం తీసినంతసేపూ అది నిదానంగా బయటికి పోతుంది, అప్పుడు గుండె వేగమూ కాస్త తగ్గుతుంది. గొంతును ఆడించే నరాలు, గుండెను నెమ్మదింపజేసే వేగస్ నరానికి కొమ్మలే!

● కృష్ణా డెల్టా ఆడవాళ్లకు ఈ సంగతి ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. ఊడ్పుల్లో మోకాలిలోతు బురదలో, పొద్దస్తమానం నడుం వంచి నాట్లేస్తూ ఒకరు పాట ఎత్తుకుంటే తక్కినవాళ్లు అందుకునేవారు. ఎత్తుకున్నామె ఊపిరి తీసుకునేలోపు పాట పక్కవాళ్ల గొంతులో సాగేది. ఎవరికీ ఆయాసం రాదు, చేతులు ఆగవు. మిషన్లూ వెదజల్లే సాగూ వచ్చాక ఆ పాటలు తగ్గిపోతున్నాయి. పెద్దమ్మలు ఉండగానే వాటిని రికార్డు చేసి పెట్టుకోవాలి.

● మంత్రజపం, క్రైస్తవుల జపమాల ప్రార్థన రెండూ ఊపిరిని నిమిషానికి ఆరుసార్ల దాకా తగ్గిస్తాయని 2001లో ఇటలీ వైద్యులు చూపించారు. మామూలుగా మనం తీసుకునేది 12 నుంచి 20 సార్లు.

● సంగీతం నేర్చుకునేవాళ్లు పొద్దున్నే మంద్రస్థాయిలో 'స' పట్టి నిలుపుతారే, ఆ సాధన పాట రానివాళ్లకూ పనికొస్తుంది.

● మరి ఆఫీసులో ఎలా? పెదవులు కలిపి, పళ్ల మధ్య కాస్త సందు వదిలి, మీకు సుఖంగా ఉన్న కింది శ్రుతిలో 'మ్‌' అనండి. పెదవుల మీద, ముక్కు దగ్గర సన్నటి అదురు తెలియాలి. అది తెలియకపోతే శ్రుతి ఇంకొంచెం దించండి. చంటిపిల్లలు బస్సాటలో చేసినట్టు పెదవులు బుర్రుమనిపించడమూ మంచిదే. కొబ్బరిబొండాం స్ట్రా పెదవుల మధ్య పెట్టుకుని దాంట్లోంచి 'ఊ...' అనడం గొంతు నిపుణులు నేర్పే పద్ధతే. రోజంతా అరిచి పాఠాలు చెప్పే టీచర్లకూ, కండక్టర్లకూ అది మరీ మేలు.

● పక్కవాళ్లు వింటారని మొహమాటమా? విజయవాడ బెంజ్ సర్కిల్ సిగ్నల్ దగ్గర హెల్మెట్ లోపల ఎంతసేపు రాగం తీసినా ఎవరికీ వినపడదు. గొంతు నొప్పెడితే మాత్రం ఆపేయండి. బొంగురు మూడు వారాలైనా తగ్గకపోతే చెవి ముక్కు గొంతు డాక్టరుకు చూపించాలి.