గరిటె పట్టిన బుల్లి భీముడు

'నర్తనశాల' (1963) చూశారుగా? అందులో భీముడు, అదే వంటవాడు వలలుడు, వెయిట్ లిఫ్టర్ దండమూడి రాజగోపాల్! అంతటివాడు గరిటె పడితే చప్పట్లు కొట్టాం. మరి మనింట్లో కుర్రాడు పడితే?

మొన్న వేసవిలో విజయవాడలో ఓ పిల్లల వంట క్లాసుకి వెళ్లాను. తొమ్మిదేళ్ల బుడతడు నిమ్మకాయ పులిహోర చేస్తున్నాడు. ఆవాలు చిటపటలాడగానే వెనక్కి గెంతాడు, టీచరమ్మ నవ్వితే మళ్లీ వచ్చాడు. "అన్నం చల్లారాకే నిమ్మరసం పిండాలంకుల్, లేకపోతే చేదెక్కుద్ది" అని నాకే పాఠం! (నాకు గంజి వార్చడం కూడా రాదు, అది వేరే కథ.) ఇంట్లో కరివేపాకు ఏరి పారేసేవాడట. ఇక్కడ తను వేసిందిగా, కరకరా నమిలేశాడు. గ్లాసు బియ్యానికి రెండు గ్లాసుల నీళ్లయితే మూడింటికెన్ని? ఎక్కాలూ అక్కడే.

తీసుకెళ్లడానికొచ్చిన నాన్నగారు మాత్రం "మగపిల్లాడికి ఇవన్నీ ఎందుకండీ? వాళ్లమ్మ గోల" అన్నారు. బుడతడు మాట్లాడకుండా ముద్ద నోటికందించాడు. ఆయన నమిలారు. కాసేపాగి, "ఇంకాస్త పెట్టరా" అన్నారు.