సెంట్రల్ జైలు... కేంద్రానిది కాదు!

చెన్నూరు దగ్గర గోదావరి ఉత్తరంగా తిరుగుతుంది. ఇంకాస్త ముందుకెళ్లి ప్రాణహిత దాటితే మహారాష్ట్రలోని సిరోంచ. అక్కడా తెలుగు వినిపిస్తుంది. దొంగతనానికైనా హత్యకైనా రెండు ఒడ్లకూ ఒకటే చట్టం. జైలు మాత్రం ఒకటి కాదు! నది దాటితే జైలు నిబంధనలూ మారతాయి, విడుదలకు దరఖాస్తు పెట్టాల్సిన ప్రభుత్వమూ మారుతుంది.

పేరులోనే ఉంది తిరకాసు

'సెంట్రల్ జైలు' అనగానే కేంద్ర ప్రభుత్వానిదనుకుంటారు చాలామంది. నిజానికి రాజ్యాంగం ప్రకారం జైళ్లు రాష్ట్రాల జాబితాలోవి. చర్లపల్లి, చంచల్‌గూడ కేంద్ర కారాగారాలు తెలంగాణ ప్రభుత్వానివే. సత్యం కుంభకోణాన్ని దర్యాప్తు చేసింది కేంద్ర సంస్థ సీబీఐ. అయినా 2015 ఏప్రిల్‌లో శిక్ష పడ్డాక రామలింగరాజును తీసుకెళ్లింది చర్లపల్లికే. 2023లో కేంద్రం నమూనా జైళ్ల చట్టం రూపొందించింది కానీ, దాన్ని అమలు చేయాలో లేదో తేల్చుకోవాల్సింది రాష్ట్రాలే.

అమెరికాలో అలా కాదు...

అక్కడ జైళ్లు రెండు రకాలు. రాష్ట్ర చట్టాన్ని అతిక్రమిస్తే రాష్ట్ర జైలు, దేశ చట్టాన్ని అతిక్రమిస్తే ఫెడరల్ జైలు. ఫెడరల్ జైళ్లకు 1930 నుంచీ ప్రత్యేక విభాగం ఉంది. అయినా ఎక్కువమంది ఖైదీలుండేది రాష్ట్రాల జైళ్లలోనే. దుకాణంలో చిన్న దొంగతనం చేస్తే సాధారణంగా రాష్ట్ర చట్టం కింద కేసు. వీసా మోసమైతే ఫెడరల్ కేసు. 2019లో మిషిగాన్‌లోని 'ఫార్మింగ్టన్' నకిలీ వర్సిటీ వ్యవహారంలో తెలుగువాళ్లు కూడా ఇరుక్కున్నది అలాంటి కేసులోనే. 1987 నవంబరు తర్వాతి నేరాలకు ఫెడరల్ జైల్లో పెరోల్ లేదు. సత్ప్రవర్తనకు ఏడాదికి 54 రోజుల వరకూ తగ్గింపు మాత్రం దక్కుతుంది. చాలా రాష్ట్రాల్లో పెరోల్ బోర్డులున్నాయి.

ఎవరి తలుపు తట్టాలి?

మన దగ్గర ఈ తేడా తెలియకపోతే కుటుంబాలు తిప్పలు పడాల్సిందే. చెన్నూరు మనిషికి మహారాష్ట్ర కోర్టు శిక్ష వేస్తే ఉండాల్సింది అక్కడి జైల్లోనే. ములాఖత్‌కి ఇంటివాళ్లు అంతదూరం పోవాలి. సొంత రాష్ట్రానికి మార్పించుకునే దారి లేకపోలేదు. 1950 నాటి ఖైదీల బదిలీ చట్టం కింద శిక్ష పడిన ఖైదీని మరో రాష్ట్రానికి పంపొచ్చు. అందుకు రెండు ప్రభుత్వాలూ ఒప్పుకోవాలి.

శిక్ష తగ్గింపు సంగతి వేరు. ఖైదీ ఏ జైల్లో ఉన్నా, శిక్ష పడిన రాష్ట్రానిదే నిర్ణయం. బిల్కిస్ బానో కేసులో 11 మందిని 2022లో గుజరాత్ విడుదల చేసింది. వాళ్లకు శిక్ష వేసింది ముంబయి కోర్టు కాబట్టి ఆ అధికారం మహారాష్ట్రదేనని 2024 జనవరి 8న సుప్రీంకోర్టు తేల్చిచెప్పింది. దాంతో వాళ్లు తిరిగి జైలుకెళ్లాల్సి వచ్చింది. అదే సీబీఐ దర్యాప్తు చేసిన కేసైతే, రాష్ట్రం శిక్ష తగ్గించాలన్నా కేంద్రం ఒప్పుకోవాలి.

అందుకే దరఖాస్తు రాసేముందు రెండు విషయాలు కనుక్కోవాలి... శిక్ష వేసిన కోర్టు ఏ రాష్ట్రానిది, దర్యాప్తు చేసింది ఎవరు?