కాలు తీస్తే సొమ్ముంది, బిళ్ళకు లేదు

నలభై ఏళ్లు నాట్లు వేసి, కోతలు కోసిన మనిషికి అరవై దాటేసరికి బి.పి., షుగరు పట్టుకుంటున్నాయి. ఇవి ఒక సూదిమందుతో పోయే జబ్బులు కావు. రోజూ బిళ్ళ మింగాలి, వేళకు పరీక్షలు చేయించుకోవాలి. అదీ ఊరి దగ్గరే జరగాలి. మరి పాలకులు గొప్పగా చెప్పుకునే ఆరోగ్య బీమా ఈ పని చేస్తోందా?

సొమ్ము దేనికి చెల్లిస్తున్నారో చూస్తే సంగతి తెలిసిపోతుంది. 2007 ఏప్రిల్ 1న అనంతపురం, మహబూబ్‌నగర్, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలైన ఆరోగ్యశ్రీకీ, 2018లో కేంద్రం తెచ్చిన ఆయుష్మాన్ భారత్‌కూ మూలం ఒక్కటే. ఆసుపత్రి రోగిని చేర్చుకుని ఫలానా చికిత్స చేస్తే, దానికి ముందే కట్టిన ధర ముడుతుంది. గుండె ఆపరేషనుకు తాహతులేని పేదలకు ఇది ఆసరా అయింది, కాదనం.

కానీ అదే కార్డు పట్టుకుని ముసలమ్మ షుగరు బిళ్ళల కోసం మందుల షాపుకెళితే పనికిరాదు. ఆయుష్మాన్‌లో కుటుంబానికి ఏడాదికి 5 లక్షల రూపాయల దాకా వైద్యం అన్నారు. ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చాక మందులు మాత్రం 15 రోజులకే. 2024 అక్టోబరులో 70 ఏళ్లు నిండిన వారందరికీ దీన్ని వర్తింపజేశారు గాని, పద్ధతి మార్చలేదు.

ఫలితమేమిటి? పనుల్లేని రోజుల్లో బిళ్ళలు ఆపేస్తారు. పింఛను రానీ, కొందాం అనుకుంటారు. ఈలోగా కాలి పుండు ముదురుతుంది, మూత్రపిండాలు చెడతాయి. అప్పుడు కార్డు పనికొస్తుంది! డయాలసిస్‌కు సొమ్ముంది, మూత్రపిండాలను కాపాడే బిళ్ళకు లేదు. ఇది ఒక డాక్టరు చేసిన తప్పు కాదు, చెల్లింపు పద్ధతిలోనే ఉన్న తప్పు.

ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో బిళ్ళలు ఉచితమే కదా అంటారు అధికార్లు. నిజమే. కాని వారానికి సరిపడా ఇచ్చి మళ్లీ రమ్మంటే, వెళ్లిన ప్రతిసారీ ఒక రోజు కూలి పోతుంది. ఆ లెక్క ఎవరు రాస్తున్నారు?

వేరే దారి లేకపోలేదు. 1948 చట్టంతో వచ్చిన ఇ.ఎస్.ఐ.లో ఫ్యాక్టరీ కార్మికుడికి ఆసుపత్రిలో చేరకుండానే పరీక్షలూ మందులూ దొరుకుతాయి. వ్యవసాయ కూలీకి ఆ హక్కు ఇవ్వలేదు.

కాబట్టి మనం అడగవలసింది కార్డు మీద లక్షల అంకె పెంచమని కాదు. ప్రతి ఆరోగ్య కేంద్రానికీ దాని పరిధిలోని దీర్ఘరోగుల సంఖ్యను బట్టి ఏడాది ఖర్చు ముందే ఇవ్వాలి. నెలకు సరిపడా మందులు ఊళ్లోనే అందించాలి. వ్యవసాయ కూలీలకు ఇ.ఎస్.ఐ. తరహా వైద్యం కల్పించాలి. రాబోయే గ్రామసభల్లో ఈ మూడు కోర్కెలనూ తీర్మానాలుగా రాయిద్దాం.