వేసవి పాలకు మాఘంలోనే విత్తనం



సంక్రాంతి వెళ్లి శివరాత్రి వచ్చేలోపు మన చిత్తూరు, తిరుపతి జిల్లాల పల్లెల్లో ఎండ ముదరదు. అక్టోబరు నుండి డిసెంబరు వరకు ఈశాన్య ఋతుపవనాలు బాగా కురిసిన ఏడు బావుల్లో నీరు కూడా ఉంటుంది. ఇంటి వెనుక నాలుగైదు సెంట్ల దొడ్డిలో పచ్చిమేత వేయడానికి ఇదే అదను. కాని సంఘాల తనిఖీకి వెళ్లినపుడు మేము చూస్తున్నది వేరు. ఉగాది దాటి, ఆవు పాలు తగ్గిన తరువాతనే చాలామంది విత్తనం సంగతి అడుగుతారు.

హైబ్రిడ్ నేపియర్ గడ్డి నాటిన 70, 75 రోజులకు గాని తొలి కోతకు రాదు. జనవరి చివర నాటితే ఏప్రిల్ మధ్యకు మేత చేతికందుతుంది. ఉగాదికి నాటితే జూన్ వస్తుంది. అంతవరకు వేరుశెనగ కట్టె, వరిగడ్డి మీదనే పశువును నెట్టుకురావాలి. ఆ లోటు పూడ్చడానికి దాణా కొనాలి. పాల డబ్బు దాణాకే సరిపోతుంది.

ముందు మొలక చూడండి

కొన్నేళ్ల క్రితం ఒక సంఘంలో సభ్యులు కలిసి జొన్న విత్తనం తెప్పించుకున్నారు. తనిఖీకి వెళ్లిన మేము బిల్లు, స్టాకు రిజిస్టరు సరిచూచి సంతకం చేసి వచ్చాము. సంచిలో చెయ్యి పెట్టి చూడలేదు. పది రోజులకు మడులన్నీ బోసిగా ఉన్నవి. మిగిలిన విత్తనంలో నూరు గింజలు తడిపి చూస్తే నలభైకి మించి మొలవలేదు. మళ్లీ విత్తేసరికి బావులు అడుగంటినవి. ఆ వేసవిలో ఆ సభ్యులు అప్పు చేసి దాణా తెచ్చుకున్నారు. లెక్కలు చూచి విత్తనం చూడకపోవడం మా పొరపాటే.

ఈ పరీక్షకు ఖర్చు లేదు. సంచి పైన, నడుమ, అడుగున తీసిన గింజలు కలిపి నూరు లెక్కపెట్టండి. తడి గోనెపట్టాపై వరుసగా పేర్చి, చుట్టి, నీడన ఉంచి, ఆరకుండా నీరు చిలకరించండి. వారంలోపు మొలిచినవి లెక్కించండి. ధ్రువీకరించిన జొన్న, అలసంద విత్తనమైతే నూటికి 75 తగ్గకుండా మొలవాలి. తగ్గితే విత్తకముందే తిరిగి ఇవ్వండి. అందుకే బిల్లును, సంచికి కుట్టిన చీటీని పారవేయరాదు. మందు పట్టించిన విత్తనం మిగిలితే పశువులకు గాని, కోళ్లకు గాని వేయరాదు.

ఏది, ఎంత

నేపియర్‌లో కో-4, ఏపీబీఎన్-1 రకాలున్నవి. దీనికి విత్తనం కాదు, ముదురు కాండం ముక్కలు నాటాలి. ఒక్కొక్క ముక్కకు రెండు కణుపులుండాలి. ఒక కణుపు మట్టిలోకి పోవాలి. రెండడుగులకొక ముక్క చొప్పున సెంటుకు సుమారు 110 పడతాయి. పశువుల కొట్టం కడిగిన నీటిని కాలువ తీసి ఈ మడికి మళ్లిస్తే నీరూ, ఎరువూ రెండూ అందుతాయి. తొలి కోత తరువాత 40, 45 రోజులకొకసారి కోసుకోవచ్చు.

మిగిలిన సెంట్లలో రెండు సాళ్లు మొక్కజొన్న, ఒక సాలు అలసంద వేయండి. ఒక్క మొక్కజొన్నే వేస్తే సెంటుకు 200 గ్రాములు కావాలి. కలిపి వేసేటపుడు ఆ మేరకు తగ్గించుకోవాలి. చల్లారిన బెల్లం నీటిలో రైజోబియం కలిపి అలసంద గింజలకు పట్టించి, నీడన ఆరబెట్టి విత్తాలి. మడి అంతా ఒకేనాడు విత్తవద్దు. మూడు భాగాలు చేసి పది పదిహేను రోజుల ఎడంతో వేస్తే, సుమారు 60 రోజుల తరువాత ఒకటి కోసేసరికి మరొకటి అందివస్తుంది.

నాము జాగ్రత్త

జొన్న వేసేవారు ఒక సంగతి మరువరాదు. లేత జొన్నలో, నీరు లేక వాడిన పైరులో, కోసిన మోళ్ల నుండి వచ్చే పిలకలలో నాము ఉంటుంది. ఇది సైనైడు విషం. తిన్న పశువు రొప్పుతూ, నురుగు కక్కుతూ కొద్ది సేపటిలోనే పడిపోవచ్చు. పైరు పూతకు వచ్చిన తరువాతనే కోసి వేయండి. నాము తగిలిందని అనుమానం రాగానే నాటువైద్యంతో కాలం గడపక పశువైద్యుని పిలవండి. విరుగుడు ఇంజెక్షన్లు ఉన్నవి, కాని సకాలంలో పడాలి.

ఈ నెల సంఘ సమావేశంలో కార్యదర్శులు విత్తనం పంచడానికి ముందు సభ్యులందరి ఎదుట నూరు గింజలు తడిపి పెట్టవలెనని మా మనవి. ఈసారి తనిఖీకి వచ్చినపుడు రిజిస్టరు కంటే ముందు ఆ గోనెపట్టానే చూపమంటాము.